చిన్నాయనకు పంచిన మూడు ముక్కలు

మా చిన్నమ్మ కరుణమ్మ కంటి ఆపరేషన్ చేయించుకుని, దవాఖానా నుంచి నేరుగా ఖానాపురం హవేలిలో ఉన్న మా ఇంటికి వచ్చింది. కారేపల్లిలో ఉంటే వంగొద్దన్నా వంగుతుంది, పొయ్యి దగ్గరికి పోవద్దన్నా పోతుంది, కొన్నాళ్లు నీ దగ్గర ఉంచుకో అన్నా అని ఆమె కొడుకు ఫోన్ చేశాడు. చిన్నమ్మ అంటే మా నాయన తమ్ముడి భార్య. ఆ హోదాలో ఆమె మా ఇంట్లో ఉన్నది కొన్నేళ్లే. తర్వాత వేరే ఇంటి కోడలైంది, వేరే పిల్లల తల్లి అయింది. అయినా మా ఇద్దరి మధ్య వరస మారలేదు. ఆటో దిగుతూనే, ఒక కంటికి తెల్ల పట్టీ, దానిపైన నల్లద్దాలు, చేతిలో చుక్కల మందు కవరు, గేటు పట్టుకుని నన్ను పైనుంచి కిందకు చూసింది. "ఏందిరా శామేలూ, ఒక్క కంటితోని చూసినా గింత లావు కనపడుతున్నవు" అంది. "రెండో కన్ను తెరిచినంక ఒక్కసారే చూస్తే భయపడతవని, ఇప్పటినుంచే అలవాటు చేస్తున్న" అన్నాను. ముసలితనం ఆమె మోకాళ్లను పట్టుకుంది గానీ నోటిదాకా రాలేకపోయింది.

డాక్టరు పని వద్దన్నాడు, టీవీ వద్దన్నాడు, ఏడవొద్దని కూడా అన్నాడట. పని లేకుండా కూర్చోవడం చిన్నమ్మకు చేతకాని విద్య. సోఫాలో ఒక మూల కూర్చుని, ఇంకో మూలలో ఫోన్‌తో ఉన్న మా మనవరాలు నిత్య వైపు జరుగుతూ జరుగుతూ, చివరికి ఆ పిల్ల భుజం మీదికి వచ్చేసింది. ఫోన్‌లోంచి గలగలమని చప్పుడు వస్తోంది. "గదేంది పిల్లా, పత్తలు గదా?" అంది. పత్తలంటే మా వైపు పేకముక్కలే. "అవ్ అవ్వా, తీన్‌పత్తీ. ఊకె టైంపాస్. పైసలేం కావు" అంది నిత్య. మూడు ముక్కలాట. తెర మీద గుండ్రంగా నాలుగైదు ముఖాలు, ఒక్కో ముఖం చుట్టూ ఒక పచ్చ గీత తిరుగుతూ తరిగిపోతోంది. చిన్నమ్మ ఉన్న ఒక్క కన్నూ దాని మీదే పడింది.

"ఆ గీత ఏంది?"

"టైమ్ అవ్వా. అది అయిపోయేలోపు ఆడాలె. లేకుంటే ఫోనే మనల్ని ప్యాక్ చేసేస్తది, ఆటలకెల్లి తీసేస్తది."

"మనిషి మంచినీళ్లకు లేచి పోతే?"

"ప్యాక్."

"కరెంటు పోతే?"

"ప్యాకే అవ్వా."

"ఎవ్వలూ ఎదురుచూడరా?"

నిత్య నవ్వింది. "ఎవలు చూస్తరు? ఎవలకు ఎవలు తెల్సు గనక?"

చిన్నమ్మ తలెత్తి నా వైపు చూసింది. నేను ఫ్యాను వైపు చూశాను. కాసేపు చూసినా ఫ్యాను నాకేమీ సలహా ఇవ్వలేదు. లేచి లోపలి గదిలోకి పోయి, మంచం కింది ఇనప్పెట్టె తీశాను. మా నాయనమ్మ పోయాక ఆస్తి పంపకాల్లో నాకు వచ్చినవి యాభై రెండు. ఎకరాలు కాదు, ముక్కలు. అట్టపెట్టె ఎప్పుడో చినిగిపోతే నాయనమ్మ పాత చీర కొంగుతో ఒక సంచి కుట్టింది. అందులోనే ఉన్నాయి. మూతి విప్పగానే పసుపు, బొగ్గు, పాత అన్నం వాసన. బీడీ వాసన కూడా అని రాయాలని ఉంది గానీ, అది సంచిలో ఉందో నా ముక్కులో ఉందో ప్రమాణం చేసి చెప్పలేను.

మాది ఇల్లెందులో బొగ్గుబాయి క్వార్టరు. రెండు గదులు, వెనక చిన్న వాకిలి, వాకిట్లో ఎప్పుడూ ఆరని బొగ్గుల పొయ్యి. నాయన బాయిలో పని చేసేవాడు. షిఫ్టు దిగి వచ్చాక ఎంత ఎర్రసబ్బు రుద్దినా కనురెప్పల అంచున నల్ల గీత మిగిలేది. కాటుక పెట్టుకున్న మా నాయనంత అందగాడు ఆ లైన్లో లేడని మా అమ్మ ఎగతాళి చేసేది. ఆదివారం పొద్దున అందరం గుడికి, అంటే చర్చికి, పోయేవాళ్లం. వచ్చాక మాంసం కూర, అన్నం, తర్వాత చాప. ఆ చాప పరిచేది మా నాయనమ్మ మరియమ్మ. గుడిలో అందరికంటే గట్టిగా పాడేదీ ఆమే, ఇంటికొచ్చి అందరికంటే ముందు ముక్కలు కలిపేదీ ఆమే. పైసలు పెట్టి ఆడితే పాపం, చింతగింజలు పెట్టి ఆడితే లెక్కలు నేర్చుకోవడం అని ఆమె సిద్ధాంతం. ఒకసారి గుడి అయ్యగారు చెప్పకుండా వస్తే, ముక్కలన్నీ కింద వేసుకుని వాటి మీదే కూర్చుంది. ప్రార్థన ముగిశాక అందరం లేచాం. ఆమె కూడా లేచింది. అయ్యగారు చెప్పులు వేసుకుంటూ, "మరియమ్మగారూ, మీ వెనకాల ఎవరో రాజుగారు వస్తున్నరు" అన్నాడు. చూస్తే చీరకు అంటుకుని ఇస్పేటు రాజు.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా, లెక్కల సారూ నేనూ ఒకరినొకరు భరించలేక విడిపోయాం. బడి మానేసి లారీ షెడ్డులో పానాలు అందించే పనికి చేరాను. నా అసలు బడి ఆదివారం చాప మీద నడిచింది, అక్కడ పంతులు మా చిన్నాయన దానియేలు. లారీ డ్రైవరు. చెవి మీద బీడీ, మాటకు ముందు నవ్వు. మొదటి పాఠంగా కట్టలోంచి జోకర్లను తీసి నా ఒడిలో పడేశాడు. "మూడు పత్తలాటల జోకర్‌తోని పని లేదు బిడ్డా. తీసి పక్కన పెట్టుడే. మీ సారు నిన్ను పెట్టిండు సూడు, గట్ల" అన్నాడు. జోకర్ అనే పేరే నాకు స్థిరపడింది.

తర్వాత ఆట చెప్పాడు. ఆడేవాళ్లందరూ ముందు తలా ఒక గింజ మధ్యలో వేయాలి. మనిషికి మూడు ముక్కలు, బోర్లా. మూడూ ఒకటే రకం పడితే, అంటే మూడు రాజులో మూడు ఏడులో, దానికి తిరుగులేదు. దాని తర్వాత వరస, తర్వాత మూడూ ఒకే రంగు గుర్తు, తర్వాత జత. ఏదీ లేకపోతే ఉన్నవాటిలో పెద్ద ముక్కే దిక్కు. అయితే అసలు ఆట ముక్కల్లో లేదు, చూడటంలో ఉంది. ముక్కలు ఎత్తి చూసుకోకుండా ఆడటం బ్లైండ్. బ్లైండ్‌గా ఆడేవాడు ఒక గింజ వేస్తే, చూసుకున్నవాడు రెండు వేయాలి. నచ్చకపోతే ముక్కలు ఎవరికీ చూపకుండా కట్టలో కలిపేయొచ్చు. అది ప్యాక్. ఇద్దరే మిగిలినప్పుడు ఒకడు షో అడగాలి, అప్పుడు ఇద్దరూ తిప్పాలి. అంతా చెప్పి, చిన్నాయన బీడీ చివర నా ముఖం వైపు పెట్టి ఆఖరి నియమం చెప్పాడు. "ఇది మంచిగ యాది పెట్టుకో. చూసినోడు చూడనోణ్ని షో అడగొద్దు. అడిగితే చూడనోడే అడగాలె. లేకుంటే చూడనోడు చూడనోణ్ని అడగాలె. చూసినోనికి రెండే దార్లు. గింజలు ఏసుకుంట పోవుడు, లేకుంటే మూసుకుని ప్యాక్ అనుడు."

"గిదేం న్యాయం? చూసుకున్నోడే గదా తెలివైనోడు?" అన్నాను.

"ఎదుటోడు కండ్లు మూసుకుని నమ్మిండు. నువ్వు కండ్లు తెరిచి అడుగుతవా? సిగ్గుండాలె" అన్నాడు. ఈ నియమం అన్ని ఊళ్లలో ఉందో లేదో నాకు తెలియదు. మా చాప మీద ఉండేది.

ఇంకో నియమం కూడా ఉండేది, దాన్ని ఎవరూ నోటితో చెప్పలేదు. మా కట్ట అప్పటికే పాతది. కొత్తది కొనడం దండగని నాయనమ్మ కొననిచ్చేది కాదు. అందుకని ఏ ముక్క ఏదో వెనక నుంచే మాకు సగం తెలుసు. టీ గ్లాసు పెట్టిన మచ్చది కళావరు ఆసు. ఎలుక కొరికింది డైమండు ఏడు. చిన్నాయన బీడీ నిప్పు పడి మూల మీద గుండ్రంగా చిల్లు పడినది ఇస్పేటు రాజు. చిన్నమ్మ కొత్త పెళ్లికూతురుగా వచ్చిన మొదటి ఆదివారం, కూర కలుపుతున్న ఆమెను చిన్నాయన చెయ్యి పట్టి లాక్కొచ్చి చాప మీద కూర్చోబెడితే, పసుపు చేత్తోనే ముక్కలు పట్టుకుంది. ఆమె బొటనవేలి ముద్ర ఆటీను రాజు వీపున అచ్చుపడిపోయింది. ఎదుటివాడి దగ్గర ఏముందో కనపడుతూ ఉన్నా కనపడనట్టు ఆడటమే మా ఇంటి మర్యాద. ఎవరైనా వెనక మచ్చ చూసి ఆడినట్టు తెలిస్తే, నాయనమ్మ వాడి గింజలన్నీ గుంజుకుని పొయ్యి దగ్గరికి పంపేది. ఆ శిక్ష ఎక్కువసార్లు పడింది నాకే.

ఒక ఎండాకాలం చిన్నాయన బీడీ ఆకు లోడు కోసం భద్రాచలం దాటి అడవిలోకి పోయాడు. తునికాకు కోతల రోజుల్లో అటు పోవడం ఆయనకు కొత్త కాదు. లారీ తిరిగి వచ్చింది. వేరే డ్రైవరు తెచ్చాడు. రోడ్డు పక్కన, తాళం బండికే వేలాడుతూ, దొరికిందట. సీటు మీద మా చిన్నమ్మ కట్టిచ్చిన క్యారేజీ ఉంది. కడిగి బోర్లించి ఉంది. నాయన, షెడ్డువాళ్లు కలిసి పోయి చాలా రోజులు వెతికారు. వాగు పక్కన ఒక కోయగూడెంలో ఒక ముసలాయన, బండి మనిషి తన దగ్గరికి వచ్చి బీడీకి నిప్పు అడిగాడని, అంటించుకుని వాగు దిక్కు దిగాడని చెప్పాడు. అంతకు మించి ఎవరికీ ఏమీ తెలియలేదు. జంతువు అన్నారు, నీళ్లు అన్నారు, నోటికొచ్చినవన్నీ అన్నారు. చొక్కా గుడ్డ కూడా దొరకలేదు. "నిప్పు అడిగినోడు సావడానికి పోతడారా?" అని నాయనమ్మ అందరినీ అడిగేది.

నాయన వెతికి వచ్చిన తర్వాతి ఆదివారం ఇంట్లో ఎవరికీ ఏం చేయాలో తోచలేదు. మాంసం వండలేదు. అయినా మధ్యాహ్నం అయ్యేసరికి నాయనమ్మ చాప పరిచింది. ఏడవడానికి పరిచిందనుకున్నాం. ముక్కలు కలిపి పంచడం మొదలుపెట్టింది. ఆమె చెయ్యి అలవాటు కొద్దీ తిరిగింది. నాయనకు, అమ్మకు, నాకు, చిన్నమ్మకు, చిన్నమ్మ పక్కన ఖాళీ చోటులో కూడా పడ్డాయి. మూడు ముక్కలు, బోర్లా. పడ్డాక గానీ ఎవరం గమనించలేదు. నాయన మెల్లగా చెయ్యి చాచి వాటిని వెనక్కి తీయబోయాడు. నాయనమ్మ ఆ చేతి మీద కొట్టింది.

"ఉండనియ్యి. వాడింకా చూసుకోలే."

అప్పటినుంచి ప్రతి ఆదివారం చిన్నాయనకు ముక్కలు పడ్డాయి. ఆయన తరఫున గింజలు నాయనమ్మ వేసేది. ఆయన చూసుకోడు కాబట్టి ఎప్పుడూ బ్లైండే. మేమందరం చూసుకునేవాళ్లం. చూసుకున్నాక ఆయన్ని షో అడగలేం. రెండేసి గింజలు వేసి వేసి చివరికి ప్యాక్ అనేవాళ్లం. ఆయన ముక్కలు తిప్పకుండానే కట్టలోకి పోయేవి, గింజలన్నీ ఆయన ఖాతాలో ఒక పచ్చడి జాడీలోకి పోయేవి. అడవిలో పోయిన మనిషి మా ఇంట్లో ఆదివారం ఆదివారం గెలుస్తున్నాడు. ఎవరైనా చూసుకోకుండా చివరిదాకా కూర్చుని షో అడగొచ్చు. అడ్డేమీ లేదు. కానీ ఎవరూ అడగలేదు. ఆ ముక్కలు తిప్పితే ఏదో తేలిపోతుందని మా అందరి భయం. నేను దయ్యాలను నమ్మేవాణ్ణి కాను. తర్వాత నా బతుకంతా రాత్రిళ్లు ఘాట్ రోడ్ల మీద లారీ నడిపాను, నమ్మితే ఆ పని జరగదు. అయినా ఆ ఖాళీ చోటు పక్కన కూర్చున్నప్పుడు నా భుజం ఒకటి ఎప్పుడూ బిగుసుకుని ఉండేది. ఎవరో పక్కనుంచి నా ముక్కల్లోకి తొంగి చూస్తున్నట్టు. చూసి, నవ్వు ఆపుకుంటున్నట్టు.

చిన్నమ్మ శనివారం శనివారం ఆయన తెల్ల చొక్కా ఉతికి, చెంబులో బొగ్గులు వేసి ఇస్త్రీ చేసి, గోడకు తగిలించేది. తొడుక్కోని చొక్కాకు మురికి ఎక్కడిది? బొగ్గు ఊరు కదా, గోడ మీద ఉన్నా నల్లబడేది. నవ్వించడానికి నేను ఏదో ఒకటి అంటే నవ్వేది. ఆ నవ్వు మధ్యలో వాకిలి గొళ్లెం చప్పుడైతే ఆగిపోయేది. పాతికేళ్లు కూడా లేని మనిషి. రాత్రిళ్లు నాయనమ్మ పక్కన పడుకునేది. ఇద్దరిలో ఎవరు ఎవరికి కాపలా ఉన్నారో నాకు అర్థమయ్యేది కాదు.

అట్లా కొన్నేళ్లు గడిచాక ఆమె అన్న ఒక సంబంధం తెచ్చాడు. కారేపల్లిలో బట్టలు కుట్టే ఆయన, భార్య పోయింది, నెమ్మదస్తుడు. చిన్నమ్మ అవునని అనలేదు, కాదని అనలేదు. గుడి అయ్యగారిని అడిగితే ఆయన ఇబ్బంది పడ్డాడు. "మనిషి పోయినట్టు ఏ రుజువూ లేదు. ఎవల మాట మీద పెండ్లి చెయ్యాలె నేను? కన్నతల్లి నోటితోని 'లేడు' అని చెప్తే చేస్త" అన్నాడు. అందరం నాయనమ్మ వైపు తిరిగాం. ఆమె పొయ్యిలో బొగ్గులు ఎగదోస్తూ, "రేపొచ్చి నా పెండ్లాం ఏదే అమ్మా అంటే నేనేం చెప్పాలె?" అంది. అంతే. నాయన కూడా ఆ మాట దాటలేదు. చిన్నమ్మ బతుకు ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయింది. నాయనమ్మ 'లేడు' అంటే ఒక దారి, అనకపోతే గోడకు తెల్లచొక్కా.

తర్వాతి ఆదివారం ముక్కలు పంచింది నేను. ఇది ఎందుకు చెప్తున్నానంటే, నాయనమ్మ చేతివాటం ఇందులో లేదని చెప్పడానికి. చిన్నాయన చోటులో పడిన మొదటి ముక్కకు మూల మీద చిల్లు ఉంది. బీడీ కాలిన రాజు. సరే, పడుతూ ఉంటుంది. రెండో చుట్టులో అక్కడే పసుపు బొటనవేలు పడింది. నా చెయ్యి గాల్లో ఆగింది. "ఏందిరా, పంచుడు మరిసినవా?" అంది నాయనమ్మ. మూడో ముక్కకు ఏ మచ్చా లేదు. అంటే ఆయన దగ్గర రాజుల జత ఉంది. నాకు కనపడింది, కనపడనట్టు కూర్చున్నాను. మర్యాద.

నాయన చూసుకుని కొంచెం ఆడి ప్యాక్ అన్నాడు. అమ్మ తొందరగానే వదిలేసింది. నాయనమ్మ తన ముక్కలు మడిచింది. నేను చూసుకున్నాను కాబట్టి అడిగే హక్కు లేదు, ప్యాక్ అన్నాను. అప్పుడు గమనించాం. చిన్నమ్మ తన ముక్కలు ఎత్తనే లేదు. బోర్లా పడినవి పడినట్టే ఆమె మోకాలి ముందు ఉన్నాయి. ఇంతసేపూ ఒక్కొక్క గింజే వేస్తూ వచ్చింది. మేం ఆ వారం గొడవల్లో ఎవరం చూడలేదు. ఇద్దరే మిగిలారు. ఆమె, పక్కన ఆమె మొగుడి ఖాళీ చోటు. ఇద్దరూ బ్లైండ్.

చిన్నమ్మ ఒక గింజ మధ్యలో పెట్టింది. "షో" అంది.

పొయ్యి మీద ఎసరు కుతకుతమంటోంది. ఆ చప్పుడు అంత గట్టిగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. నాయన "కరుణా" అని ఏదో అనబోయాడు. ఆమె వినకుండా తన మూడూ తిప్పింది. తొమ్మిది, అయిదు, రెండు. రంగు కలవదు, వరస కాదు, జత లేదు. అంతకంటే పేద ముక్కలు ఆ కట్టలో వెతికినా తక్కువే. ఇప్పుడు నాయనమ్మ ఆ రెండు రాజులను తిప్పి పడేస్తే చాలు, చిన్నాయన గెలిచినట్టు. మళ్లీ ఎవరూ అడగరు.

నాయనమ్మ ఆ మూడు ముక్కలు ఎత్తి, మాకెవరికీ కనపడకుండా గుండెలకు దగ్గరగా పట్టుకుని చూసింది. ఇన్నేళ్లలో చిన్నాయన ముక్కలు ఒక మనిషి చూడటం అదే మొదటిసారి. ఎంతసేపు చూసిందో చెప్పలేను. తర్వాత వాటిని కట్ట మధ్యలోకి దూర్చి, కట్ట మొత్తాన్ని రెండు చేతులతో నొక్కి పట్టుకుంది, మళ్లీ లేస్తాయేమో అన్నట్టు.

"ప్యాక్" అంది. "దానేలు లేడు."

నాయన ఆట తెలిసిన మనిషి కదా, "షో అడిగినంక ప్యాక్ ఉండదమ్మా" అన్నాడు.

"నా ఇంట్ల ఉంటది. నీకేమన్నా కష్టమా?" అని, చిన్నమ్మ వైపు తిరక్కుండానే, "మీ అన్నకు కబురు పంపు బిడ్డా" అంది. లేచి, గోడ మీద తెల్లచొక్కా తీసి, మడత పెట్టి, అదే ఇనప్పెట్టెలో పెట్టింది.

ఆ మాటే గుడిలో అయ్యగారి ముందూ అంది. పెళ్లి జరిగింది. చిన్నమ్మ కారేపల్లి పోయాక వచ్చిన మొదటి ఆదివారం, పచ్చడి జాడీలో ఉన్న చిన్నాయన గింజలన్నీ నాయనమ్మ ఇసుకలో వేయించి, పొట్టు తీసి, మా అందరికీ పంచింది. నమలలేక దవడలు నొప్పి పుట్టాయి. ఎవరం ఉమ్మలేదు. ఆయన కోసం మా ఇంట్లో జరిగిన దినం భోజనం అదొక్కటే.

ఇప్పుడు ఆ క్వార్టర్ల వరస లేదు. ఆ చోట్లో బొగ్గు కోసం తవ్విన పెద్ద గుంత ఉంది. పక్కనుంచి లారీలో పోతూ ఒకసారి కిందికి చూస్తే, మా చాప పరిచిన చోటు గాల్లో ఎక్కడో ఉంటుందని లెక్క వేసుకున్నాను. ఇప్పుడు ఆదివారం ఉంది, మాంసం కూర ఉంది, ఆట కూడా ఉంది. నిత్య ఫోన్‌లో రోజూ కొత్త మనుషులతో ఆడుతుంది. ముక్కలకు మచ్చలు పడవు, వెనక అన్నీ ఒకే నీలం. ఎవరి ముక్కలూ ఎవరికీ తెలియవు కాబట్టి తెలియనట్టు నటించే పని లేదు. అది మంచిదే కావచ్చు. ఆ పచ్చ గీత మాత్రం నన్ను నిద్రపోనివ్వదు. మా నాయనమ్మ దగ్గర ఆ గీత ఉండి ఉంటే చిన్నాయన మొదటి ఆదివారమే పోయేవాడు. చిన్నమ్మకు అన్నేళ్లు చొక్కా ఇస్త్రీ తప్పేది. ఏది దయో, ఏది క్రూరమో ఈ వయసులో కూడా నాకు తేలలేదు.

సంచి తెచ్చి సోఫా ముందు టీపాయ్ మీద గుమ్మరించాను. చిన్నమ్మ నల్లద్దాలు తీసింది. "ఒక కన్ను బ్లైండ్, ఒక కన్ను చూసుడు. నేను ఒక గింజ ఎయ్యాల్నా, రెండు ఎయ్యాల్నారా?" అంది. "ఒకటిన్నర ఎయ్యి" అన్నాను. నిత్య ఫోన్ పక్కన పెట్టి దగ్గరికి జరిగింది. ముక్కలు కలుపుతుంటే చిల్లుపడిన రాజు పైకి తేలింది. దాని వెంట నా నోట్లోంచి, ఇన్నేళ్లుగా మర్యాద కోసం మింగిన మాట కూడా తేలింది.

"చిన్నమ్మా, ఆ రోజు నాయనమ్మ దగ్గర..."

"రాజుల జత" అంది చిన్నమ్మ.

నేను ముక్కలు కలపడం ఆపేశాను. "నీకు తెల్సా?"

"నా బొటనవేలు నేను గుర్తుపట్టనారా? నా పక్కనే పడ్డయి గదా రెండూ. ఆయన బీడీ, నా పసుపు."

"మరి తెల్సి తెల్సి షో ఎట్లడిగినవు? ఓడిపోతవు గదా!"

"అందుకే అడిగిన" అంది. పట్టీ లేని కన్ను తడిసింది. డాక్టరు వద్దన్న పని. "నాకు పోవాల్నో ఉండాల్నో తేలలే శామేలూ. మా అన్న పొమ్మంటుండు. నా పానం గుంజుతుంది, మళ్ల వద్దంటుంది. ఆ రెండు రాజులు ఆయన ముంగట పడంగనే, సరే, ఆయననే ఉండుమంటుండు అనుకున్న. ఓడిపోయి అత్తమ్మ కాడ ఉండిపోదామనే షో అన్న. ఆమె తిప్పి కొడ్తదనుకున్న. ఆమె ప్యాక్ అన్నది."

"నిన్ను పంపాలనే గదా చిన్నమ్మా అన్నది."

"పంపిందో, ఎల్లగొట్టిందో." కొంగుతో కన్ను వత్తుకోబోయి, డాక్టరు గుర్తొచ్చి ఆపింది. "ఈ సంసారం మంచిగనే నడిచింది. ఆయన మంచోడు, పిల్లలు మంచోళ్లు, నాకేం తక్కువ గాలే. కానీ ఎన్నడన్న కుట్టుమిషన్ చప్పుడు ఆగినప్పుడు అనిపిచ్చేది. గెలిచిన పత్తలు చేతుల పెట్టుకుని కొడుకును లేడన్నది. ఆ మాట అన్నంక ఆ ముసల్ది ఎట్ల పండిందో, ఎట్ల లేచిందో. నేను ఒక్కనాడన్న అడగకపోతిని. అడుగుదామని కారేపల్లి నుంచి వచ్చేటప్పటికి ఆమె మాట పడిపోయింది."

నాకు నవ్వించే మాట ఒక్కటీ దొరకలేదు. దొరకనప్పుడు చేసే పని ముక్కలు పంచడమే కదా. పంచాను. నిత్యకు, చిన్నమ్మకు, నాకు. చుట్టు తిరిగి మూడోసారి ముక్క వదిలాక చూస్తే, సోఫా పక్కన ఎవరూ కూర్చోని చోటులో కూడా మూడు పడి ఉన్నాయి. నా చేతులకు ఆ లెక్క ఇంకా పోలేదు.

"తాతా, మనం ముగ్గురమే గదా" అంది నిత్య. "ఈ పత్తలు ఎవలయి? ఎవలూ లేరుగా, ప్యాక్ చేసెయ్యి" అంటూ వాటిని తీయబోయింది.

చిన్నమ్మ ఆ పిల్ల చేతి మీద తన చెయ్యి వేసి ఆపింది.

"ఉండనియ్యి బిడ్డా. మా అత్తమ్మ ఇంకా చూసుకోలే."